కోడలి నోట మామ పేరు

నీలవేణి లోపలికి పోయి తలుపు వేసుకున్నప్పుడు గోడ గడియారం పదకొండు చూపించింది, ఇప్పుడు పదకొండూ నాలుగు, పన్నెండుకు పరీక్ష అయిపోతుంది, అంటే ఇంకా యాభై ఆరు నిమిషాలు నేను ఈ మొయినాబాద్ కంప్యూటర్ సెంటర్ వరండాలో, రేకుల కింద, కోడలి సంచి ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చోవాలి. బుద్ధిగా కూర్చోవడం నాకు ముడిమ్యాల బడిలోనే రాలేదు, ఏడో తరగతితో ఆ బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం, డెబ్బై ఒకటో ఏట కొత్తగా ఎక్కడి నుంచి వస్తుంది. సంచిలో ఆమె ఫోను ఉంది, లోపలికి ఫోన్లు తేవద్దన్నారు, టిఫిన్ డబ్బా ఉంది, నోట్సు కాగితాలు ఉన్నాయి. డబ్బా మూత మీద నేనే కొట్టిన పేరు, వేలితో తడిమితే చుక్కలు చుక్కలుగా తగులుతుంది. నా వెనక కిటికీ తెరిచే ఉంది. లోపల ఆరుగురు మనుషులు, ఆరు కంప్యూటర్లు, ఒక్కొక్కరి పక్కనా నిలబడి పరీక్ష చేసే మేడం ఒకామె, అరుణశ్రీ అట, పట్నం నుంచి వచ్చింది. ఆమె గొంతు గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఇక్కడి దాకా వినబడుతోంది. నీలవేణి వంతు ఆఖరుది. ఆఖరుది కావడం మంచిదా చెడ్డదా అని ఆలోచిస్తున్నాను, ఆలోచనకు టికెట్టు లేదు కదా, ఎంత దూరమైనా పోవచ్చు.

ఈ పరీక్ష గట్టెక్కితే సోమవారం నుంచి ఆమెకు కుర్చీ. గట్టెక్కకపోతే మళ్లీ షెడ్డు. షెడ్డంటే ఇక్కడికి రెండు మైళ్ల అవతల ప్లాస్టిక్ కప్పు వేసిన గులాబీ తోట, బయటి నుంచి చూస్తే తెల్లని ఏనుగులు వరుసగా పడుకున్నట్టుంటుంది, లోపలికి పోతే ఆ ఏనుగు కడుపులో ఉన్నట్టే, వేడి, తేమ, పైన పురుగుల మందు వాసన. ఎనిమిదేళ్లుగా నీలవేణి పొద్దున ఆరింటికి ఆ కడుపులోకి పోయి కత్తెర పట్టుకుని పూలు కోసింది. పూలు మాత్రం బ్రహ్మాండం, ఒక్కో గులాబీ నా పిడికిలంత, ఊళ్లో ఎవరూ నమ్మరు గానీ ఒకసారి ఒక పువ్వులో తేనెటీగ దూరి దారి తప్పి మూడో రోజు బయటికొచ్చింది. ముళ్లు గీసుకుంటే ఆమె ఏనాడూ బాధపడలేదు. పోయిన వానాకాలం నుంచే దగ్గు. చేవెళ్ల దవాఖానలో డాక్టరు ఊపిరితిత్తుల మీద గొట్టం పెట్టి విని, మందు గాలికి దూరంగా ఉండమ్మా అన్నాడు. దూరం అంటే ఎంత దూరం సార్ అని నేను అడిగితే నా వైపు చూడకుండా ఆమెకే చెప్పాడు. తోట సారు మంచివాడే, ఆఫీసు గదిలో కంప్యూటర్ మీద మడుల వివరాలన్నీ ఎక్కించే మనిషి కావాలి, నీకు తోట సంగతి తెలుసు, ఈ నెలాఖరుకు పరీక్ష పాసై కాగితం తెచ్చుకో, లేకపోతే పట్నం నుంచి ఎవరినో పెట్టుకుంటా అన్నాడు. ఈ నెలకు ఇదే ఆఖరి పరీక్ష. నా కొడుకు పాండు వ్యాను తోలుతూ టమాటాలతో ఎక్కడో ఉంటాడు, కాబట్టి తోడు నేను. అసలు సంగతి చెప్పాలంటే, చిక్కు తెచ్చింది నేనే కాబట్టి తోడూ నేనే.

చిక్కు నా పేరు. నా పేరు ఎల్లయ్య, ఇది రహస్యమేమీ కాదు, చేవెళ్లలో స్టీలు సామాన్ల దుకాణం ముందు పీట వేసుకుని నలభై ఏళ్లు గిన్నెల మీద పేర్లు కొట్టినవాణ్ణి నేనే. కొత్త బిందె కొన్నా, పెళ్లికి పెద్ద గంగాళం కొన్నా నా దగ్గరికి రావాల్సిందే, మొదట్లో చిన్న ఉలీ సుత్తీ, తరువాత జుయ్యిమనే కరెంటు కలం. పేరు లేకపోతే పెళ్లిలో పదిళ్ల గిన్నెలు కలిసిపోయి ఎవరిది ఎవరింటికి పోతుందో దేవుడికే తెలియదు. ఆ నలభై ఏళ్లలో నేను చూసిన తమాషా ఏమిటంటే, గిన్నె మీద మొగుడి పేరు కొట్టించుకోవాలని వచ్చే ఆడవాళ్లు ఆ పేరు చెప్పరు. మొగుడి పేరు నోట రాకూడదు, మామ పేరు అసలే రాకూడదు. ఏం పేరమ్మా అంటే నవ్వుతారు, కొంగు నోట్లో పెట్టుకుంటారు, పక్కింటామెను మోచేత్తో పొడుస్తారు. నేనేమో ఊరుకునే రకం కాదు, చెప్పకపోతే నా పేరు కొడతా, తరువాత ఇంట్లో నువ్వే జవాబు చెప్పుకో అనేవాణ్ణి. ఒకామె మూడు సార్లు అడిగినా చెప్పలేదు, నిజంగానే నా పేరు కొట్టేశాను. ఆ బిందె ముప్పై పెళ్లిళ్లు తిరిగి, ప్రతి పెళ్లి తరువాతా మా ఇంటికే వచ్చేది, చివరికి దానికి మా ఇంటి దారి అలవాటై ఎవరూ తేకపోయినా దొర్లుకుంటూ వచ్చేసేది. నవ్వకండి, నా పెండ్లాం మైసమ్మను అడగండి. ఇంకొకామె ఆలూరులో, జనాభా లెక్కల ఆయన వచ్చి మీ ఆయన పేరేంటమ్మా అంటే చేయెత్తి ఆకాశం చూపించింది. పగటి పూట. ఆయన చంద్రయ్య అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ సూర్యం ముప్పై ఏళ్లు సర్కారు కాగితాల్లో చంద్రయ్యగానే బతికాడు, రేషను కూడా చంద్రయ్యకే వచ్చేది, తినేది మాత్రం సూర్యం.

ఇంతమందిని ఇన్నేళ్లు ఆటపట్టించినవాణ్ణి, నా ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోలేదు. మూడు నెలల కింద నీలవేణి ఈ సెంటర్లో చేరేటప్పుడు దరఖాస్తు తెచ్చింది, నా చేతిరాత ముత్యాలని ఊరంతా అంటుంది కాబట్టి నేనే నింపాను. అందులో ఒక గడి, మీరు తయారుచేసే డేటాబేస్ పేరు అని. అప్పటికి డేటాబేస్ అంటే ఏమిటో నాకు తెలియదు, ఏదో కొత్త సామాను అనుకున్నాను, చేతికి నలభై ఏళ్ల అలవాటు ఒకటి, తమాషా ఒకటి, ఎల్లయ్య అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాను. కోడలు చూసుకునేసరికి కాగితం సెంటర్లో ఇచ్చేశాం, ఆమెకు కంప్యూటర్లో ఆ పేరు మీదనే హక్కు ఇచ్చారట, ఇంకో పేరుతో కడితే మిషన్ ఒప్పుకోదట. టైపు చేసుకునేదే కదా, చేతికి పట్టింపు లేదు, నోటికే కదా పట్టింపు అని అందరం ఊరుకున్నాం. పోయిన శనివారం ఉత్తుత్తి పరీక్ష పెట్టినప్పుడు ఈ అరుణశ్రీ మేడం వచ్చి కొత్త పద్ధతి తెచ్చింది. అంతకు ముందు జట్టులో కొందరు చీటీ చూసి కొట్టారట, అందుకని ఇప్పుడు టైపు చేసే ప్రతి ముక్కా పైకి చదవాలి, ఎందుకో చెప్పాలి. నీలవేణి క్రియేట్ డేటాబేస్ దాకా గడగడ చదివి ఆగిపోయింది. మేడం అడిగితే ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పింది, పేరు పేరుగా చదవమంటే తల దించుకుంది. ఆమెకు ఇంగ్లీషు చదవడమే రాదని మేడం రాసుకుని పక్క మనిషి దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం ఇంట్లో మైసమ్మ నన్ను కడిగిన తీరు పెళ్లి గంగాళాన్ని కూడా అట్లా తోమి ఉండరు.

"ఊరందరి పేర్లు కొట్టుడు సాలదా, పోరి పరీక్ష కాగితం మీద గూడ నీ పేరే కావాల్నా? మిషన్ల కూసుంటవా?"

"అరే, పేరు చెప్తె ఏమైతదే? నాలిక ఊడిపడతదా?"

"ఇన్నేండ్లైంది, నేను చెప్పిన్నా? నన్ను చెప్పమను సూస్త."

చెప్పమని అడిగాను. పొయ్యి వైపు తిరిగింది. యాభై ఏళ్ల కాపురంలో నన్ను ఇగో, ఓయ్, ఏందయ్యా, పాండు వాళ్ల బాపు, ఇవే. ఆమెకు నేను పేరు లేని బిందెనే, అయినా తప్పిపోలేదు.

పదకొండూ పదిహేడు. వాచ్‌మన్ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు, పేరు బిక్షం, ఆలూరు మనిషే, చంద్రయ్యగా బతికిన సూర్యం సంగతి అడిగితే మా చిన్నాయనే అన్నాడు, నా కథలోంచి మనిషి నిజంగా బయటికొస్తే నాకే జడుపు పుట్టింది.

"ఎవలకోసం అన్నా? మన్మరాలా?"

"కోడలు తమ్మీ."

"కోడలికి తోడొచ్చిన మామను ఈ సెంటర్ల నిన్నే సూస్తున్న. మా కోడలైతే నేను బజారుకు తోడొస్త అంటెనే వద్దంటది."

"నీ కథలు తక్కువైతయి కావచ్చు. మా కోడలికి నా కథలు లేక బస్సు ఎక్కితె నిద్రొస్తది."

అన్నాను గానీ, పొద్దున బస్సులో సరిగ్గా అదే నా తప్పు. ముడిమ్యాల నుంచి చేవెళ్లకు ఆటో, అక్కడి నుంచి బస్సు, ఆమెకు ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు, నాకు ఉంది, పక్కపక్కన కూర్చున్నాం. మొయినాబాద్ వచ్చేలోపు ఒక్క మాట చెప్పాలనుకున్నాను, బిడ్డా, నా పేరు చదువు, నాకు చిన్నతనం కాదు, నాకేం కాదు అని. ఇంత పొట్టి మాట. నోట్లోకి తెచ్చుకున్నాను, పళ్ల దాకా వచ్చింది, అప్పుడు ఆమె కిటికీలోంచి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది, ఆ ముఖం చూసేసరికి మాట వెనక్కి పోయి దాని బదులు కథ వచ్చింది. మా అమ్మ ముడిమ్యాలలో నన్ను ఎల్లయ్యా అని పిలిస్తే ఆలూరులో దున్నుతున్న ఎడ్లు ఆగిపోయేవనీ, రైతులు వచ్చి మా అమ్మతో, తల్లీ, పొద్దున దుక్కి అయ్యేదాకా మీ వాణ్ణి పిలవద్దని మొక్కేవారనీ చెప్పాను. నీలవేణి నవ్వింది, మంచి కోడలు కాబట్టి నవ్వింది. పరాయి ఆడవాళ్లను చెప్పు చెప్పు అని నలభై ఏళ్లు వేధించిన నాకు, సొంత కోడలితో చెప్పు అనడానికి నోరు రాలేదు. సిగ్గు వాళ్లకే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ.

లోపల మూడో మనిషి చదువుతున్నాడు, షో డేటాబేసెస్ అంటున్నాడు, ఆ ముక్క నాకూ తెలుసు, మిషన్లో ఎన్ని ఇళ్లున్నాయో పేర్లన్నీ చూపించమనడం. నాకెట్లా తెలుసంటే మా ఇంట్లో కంప్యూటర్ లేదు, కాబట్టి మూడు నెలలుగా కంప్యూటర్ నేనే. రాత్రి బువ్వలైనాక కాదు, పొద్దుగూకే ముందు, వాకిట్లో మంచం మీద నేను మిషన్‌గా కూర్చునేవాణ్ణి, ఆమె గిన్నెలు తోముతూ నోటితో కమాండ్లు చెప్పేది, నేను జవాబు చెప్పేవాణ్ణి. ముందు ఇల్లు కట్టాలి, అది క్రియేట్ డేటాబేస్. కట్టగానే ఇంట్లో ఉన్నట్టు కాదు, కట్టినవాడు ఇంకా బయటనే నిలబడి ఉంటాడు, యూజ్ అని పేరు చెప్పి లోపల అడుగు పెట్టాలి. పెట్టకుండా టేబుల్ కట్టబోతే మిషన్ అంటుంది, ఏ డేటాబేసూ ఎంచుకోలేదు నువ్వు అని. ఇది నాకు బాగా నచ్చింది. మనుషులమైతే సగం మాటకే సర్దుకుంటాం, ఆ మిషన్ సర్దుకోదు, నీ మనసులో ఉన్నది నాకెందుకు, పేరు చెప్పు అంటుంది. చివర చుక్కా కామా కలిపిన సెమికోలన్ పెట్టకపోతే ఇంకా ఏదో చెబుతావని ఎదురు చూస్తూనే ఉంటుంది, అంత ఓపికగా నా కథలు విన్నవాళ్లు ఈ మండలంలో ఎవరూ లేరు. అయితే నేను మంచి మిషన్‌ని కాను. యూజ్ దగ్గరికి వచ్చేసరికి నీలవేణి పేరు బదులు యూజ్ అదే అనేది, ఒక్కోసారి చిన్నగా దగ్గేది. నేను ఒప్పుకునేవాణ్ణి. దగ్గును కూడా ఒప్పుకున్న కంప్యూటర్‌ను నేనే. అప్పుడే ఎంచుకోలేదు అని మొండికేసి ఉంటే ఈ రోజు ఆమె నాలుక సాఫీగా ఉండేది. గారాబం చేసి చెడగొట్టాను, పిల్లలనే కాదు కమాండ్లను కూడా చెడగొట్టవచ్చు.

పదకొండూ ముప్పై మూడు. నాలుగో మనిషికి ఏదో తప్పు పోయింది, మేడం మళ్లీ అంటోంది. చేతులు ఊరుకోక సంచిలోంచి నోట్సు తీశాను, అచ్చు కాగితాలు, పక్కన నీలవేణి పెన్సిలుతో రాసుకున్న తెలుగు మాటలు, ఇల్లు, లోపలికి, మడి నంబరు, చుక్క మరవద్దు. ఆమె రాత గుండ్రంగా ఉంటుంది, బడిలో పదో తరగతి దాకా చదివింది, పెళ్లయ్యాక పెన్ను పట్టిందే లేదు. పేజీలు తిప్పుతూ పోతే ఆఖరి పేజీ తగల్లేదు, అంటే ఉంది, రెండు సార్లు మడిచి ముందు పేజీకి గుండు సూది గుచ్చి ఉంది. ఇంట్లో ఎప్పుడూ ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఇగ అయిపోయింది మామా అనేది, నేను కూడా అమ్మయ్య అని మిషన్‌ను ఆపేసి చాయ్ అడిగేవాణ్ణి. సూది తీశాను. పరీక్షలో చివరి పని అని రాసి ఉంది, మీ తరువాత వచ్చేవారి కోసం మీరు కట్టిన డేటాబేస్‌ను తీసివేయాలి. డ్రాప్ డేటాబేస్, తరువాత పేరు. కింద తెలుగులో అచ్చులోనే ఉంది, ఈ ఆజ్ఞతో ఆ పేరు మీద ఉన్నదంతా శాశ్వతంగా పోతుంది, తిరిగి రాదు. పక్కన పెన్సిలు రాత లేదు. పెన్సిలు ముక్కు గుచ్చుకుని పడిన చిన్న చిల్లు ఒకటి ఉంది, ఏదో రాయబోయినట్టు.

నేను ఇన్ని రోజులూ సిగ్గు అనుకున్నాను, మామ పేరు చెప్పడానికి సిగ్గు అని, మైసమ్మ కూడా అదే అనుకుంది. కాదు. పోయిన ఏడాది నా గుండెకు స్టెంటు వేసినప్పుడు దవాఖానలో నీలవేణి పదహారు రోజులు మంచం పక్కన నేల మీద పడుకుంది, పాండు వచ్చి పోయేవాడు, మైసమ్మకు మోకాళ్లు, ఈమే ఉంది. రెండో రోజు నా మణికట్టుకు నా పేరు రాసిన పట్టీ ఊడి కింద పడితే, ఆ పిల్ల దాన్ని ఏరి, నర్సు వచ్చేదాకా రెండు అరచేతుల మధ్య పట్టుకుని నిలబడింది, ఎక్కడో పెట్టేస్తే పేరుతో పాటు మనిషి పోతాడన్నట్టు. నేను కళ్లు మూసుకుని నిద్ర నటిస్తూ చూశాను, మరునాడు దాన్ని కూడా వేళాకోళం చేశాను. అట్లాంటి పిల్ల నోటితో ఎల్లయ్యను తీసివేయి, శాశ్వతంగా, చివర చుక్క పెట్టి, అనమంటే ఎట్లా అంటుంది. ఇది చెప్పుకోవడానికి కూడా కుదరని భయం, పెద్దవాళ్లకు చెబితే అపశకునం, మొగుడికి చెబితే నవ్వుతాడు. సూది గుచ్చి దాచుకుంది. నేనా, ఎడ్ల కథ చెప్పాను.

"ఏందన్నా, చెమటలు పడుతున్నయి? నీళ్లు తాగుతవా?" బిక్షం అడిగాడు.

"తమ్మీ, జర లోపలికి పోయి మా కోడలితోని ఒక్క ముచ్చట చెప్పొస్త."

"ఖతం! పరీక్ష నడుస్తుంటె లోపలికి పోనిస్తె నా నౌకరి పోతది. ఒక్క పది నిమిషాలు ఆగరాదే."

ఆగాను. ఐదో మనిషిది అయిపోయింది. పదకొండూ నలభై ఒకటి. కుర్చీ జరిగిన చప్పుడు, గాజుగ్లాసు గొంతు, నీలవేణి గారూ మొదలుపెట్టండి, పోయిన వారం లాగా కాకుండా పూర్తిగా చదవాలి. నేను కిటికీకి వీపు ఆనించి కూర్చున్నాను, వీపుతో విన్నాను. కీబోర్డు టకటకలాడింది, నా చిన్న సుత్తి చప్పుడుకు ఇదేదో దూరపు చుట్టం. క్రియేట్ డేటాబేస్ అంది కోడలు. ఆగింది. పైన ఫ్యాను కిర్రుమంటోంది, రోడ్డు మీద పాల వ్యాను హారను కొట్టింది, ఎవరింటి కుక్కో మొరిగింది, ఇంకా ఆగే ఉంది. ఎల్లయ్య, అంది. గాలి వదిలినట్టు. వినబడలేదమ్మా అంది మేడం. క్రియేట్ డేటాబేస్ ఎల్లయ్య సెమికోలన్, అంది నీలవేణి, ఈసారి గదంతా వినబడేలా. నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. మా అమ్మ పోయాక ఆడమనిషి గొంతులో నా ఒట్టి పేరు వినలేదు నేను. అందరికీ పేర్ల తాతను, మామను, బాపును, ఏందయ్యాను. ఎల్లయ్య అనే ఆయన ఒకడున్నాడని నేనే మరిచిపోయాను కావచ్చు, ఎవరో తలుపు కొట్టి లేపినట్టుంది. యూజ్ ఎల్లయ్య సెమికోలన్. ఎందుకు ఇది, అని మేడం. "ఇల్లు కట్టినంక లోపలికి పోవాలె గద మేడం, లేకుంటె టేబుల్ ఎక్కడ కట్టాల్నో మిషన్‌కు తెల్వది."

తరువాత ఇక ఆ పిల్లను ఆపేవారెవరు. మడులు అని ఒక టేబుల్ కట్టింది, మడి నంబరు, గులాబీ రకం, నాటిన నెల. కోత అని రెండో టేబుల్ కట్టింది, తేదీ, మడి నంబరు, ఎన్ని పూలు. రెండెందుకు, ఒకటి చాలదా అని మేడం మెలిక పెట్టింది. "మడి సంగతి ఒక్కసారి రాస్తె సాలు మేడం, అది మారది. కోత రోజూ ఉంటది. ఒక్క దాంట్లనే రాస్తె రోజూ గులాబీ రకం మళ్ల మళ్ల రాయాలె, ఒక్క రోజు తప్పు రాసినా ఎర్రటిది పసుపుదైతది. మడి నంబరు రెండింట్ల ఉన్నది గద, అది పట్టుకుంటె రెండూ కలుస్తయి." మేడం ఊ అంది, ఆ ఊ నాకు వంద రూపాయల నోటులా వినబడింది. వరుసలు ఎక్కించింది, పన్నెండో మడి, పదిహేడో మడి, ఆమె కళ్లు మూసుకుని నడిచే మళ్లు అవి. సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ మడులు అనగానే అన్నీ వచ్చి ఉంటాయి, వచ్చాయమ్మా అంది మేడం. బిక్షం నా మోకాలు మీద కొట్టి బొటనవేలు ఎత్తాడు. నేను ఎత్తలేదు. పదకొండూ యాభై నాలుగు.

"చివరిది. తీసివేయండి. చదువుతూ."

టకటక లేదు. చదువు లేదు. నేను లెక్క పెట్టాను, ఇరవై దాకా పెట్టాను. తెలుసా అమ్మా, అని మేడం, తెలుసు మేడం అని కోడలు, మరి కానివ్వండి, మళ్లీ ఏమీ లేదు. దగ్గింది. అది మందు దగ్గు కాదు, ఇంట్లో మిషన్ ఒప్పుకున్న దగ్గు. నేను లేచాను, ఒళ్లో సంచి కింద పడింది, టిఫిన్ డబ్బా దొర్లింది, బిక్షం నా తువ్వాల పట్టుకున్నాడు, తువ్వాల అతని చేతిలోనే వదిలేసి కిటికీ చువ్వలు పట్టుకున్నాను.

"బిడ్డా, నీలవేణీ. నేను ఈడ్నే ఉన్న సూడు. మంచిగనే ఉన్న. అండ్ల ఉన్నది ఒట్టి అక్షరాలు, అసొంటివి నేను ఎన్ని కొట్టలే, ఎన్ని చెరపలే. కానియ్యి."

ఆరు తలలూ తిరిగాయి. మేడం చిన్న మనిషి, గొంతును బట్టి నేను తాడిచెట్టంత ఊహించుకున్నాను, కళ్లద్దాలు పైకి తోసి కిటికీ వైపు వచ్చింది.

"ఎవరండీ మీరు? పరీక్ష జరుగుతోంది."

"ఎల్లయ్యను మేడం."

"ఏ ఎల్లయ్య?"

"ఇప్పుడు మీరు తీసెయ్యమన్న ఎల్లయ్యను నేనే."

ఆమె నన్ను చూసింది, తెర మీది పేరు చూసింది, కోడలి ముఖం చూసింది, నీలవేణి కొంగు అప్పటికే నోటి దాకా పోయింది. పోయిన శనివారం తను రాసుకున్నదేమిటో మేడంకు అప్పుడు అర్థమైనట్టుంది, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గొంతు దించి, ఇది ఒక్కటి వదిలేసినా పాస్ మార్కులు వస్తాయమ్మా, నీ ఇష్టం అంది. ఇక చాలు, రా బిడ్డా అని నేను అనబోయాను, నిజంగా అనబోయాను. నీలవేణి కొంగు దించింది.

"వద్దు మేడం. సోమవారం నుంచి అక్కడ ఇదే పని. చదువుత."

నన్నే చూస్తూ చదివింది, రెప్ప వేయలేదు, ఒక వైపు నోరు చదువుతోంది, ఒక వైపు కళ్లు నన్ను ఎటూ పోకుండా పట్టుకుని ఉన్నాయి. డ్రాప్ డేటాబేస్ ఎల్లయ్య సెమికోలన్. మీట నొక్కింది. గుండె ఒకటి కొట్టుకుంది, రెండు కొట్టుకుంది, స్టెంటు కూడా దాని పని అది చేసుకుంటోంది. నేను చువ్వల్లోంచి చేయి పెట్టి ఆడించాను, ఇదిగో ఉన్నాను అని. వెనక కంప్యూటర్ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, అప్పుడు నీలవేణి నవ్వింది, బస్సులో నవ్విన నవ్వు కాదు, ఇది ఆమెదే.

కాగితం మీద మేడం సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చేసరికి పన్నెండూ పది. బిక్షం తువ్వాల దులిపి ఇచ్చి, అన్నా, పైలం, మిషన్లకెల్లి తీసేసిన మనిషివి, బస్సుల టికెట్టు ఇస్తరో ఇయ్యరో అన్నాడు, నా కంటే ఘటికుడు దొరికాడు. నీలవేణి బయటికొచ్చి, దొర్లిన డబ్బా ఏరి, సంచి భుజానికి వేసుకుని, నా మోచేయి ఒకసారి పట్టుకుని వదిలింది. రోడ్డు మీద ఎండ చిటచిటలాడుతోంది. బస్ స్టాపులో పెద్ద గుంపు, దవాఖాన చీటీలతో, కూరగాయల సంచులతో, తెల్ల ధోవతులు, తలపాగలు, నా ఈడు వాళ్లే నలుగురైదుగురు. అక్కడ కూర్చున్న ముసలాయన ఒకడు ఏ ఊరు అని అడగడం పాపం, కిటికీ చువ్వల సంగతి ఎత్తుకున్నాను, చెబుతుండగానే చువ్వలు వంగినట్టు, మేడం కుర్చీ లోంచి పడబోయినట్టు కొంచెం కొంచెం పెరుగుతోంది కథ. చేవెళ్ల బస్సు ఎప్పుడొచ్చి ఆగిందో చూడలేదు. జనం ఎక్కేశారు, నీలవేణి మెట్టు మీద ఒక కాలు పెట్టి, కాగితం గుండెకు అదుముకుని వెనక్కి తిరిగి చూసింది, కండక్టరు రైట్ రైట్ అంటున్నాడు.

"మామా!"

ఆ గుంపులో ఐదుగురు ముసలివాళ్లం ఒక్కసారే తలలు తిప్పాం. కోడలు మా అందరి ముఖాలూ ఒకసారి చూసింది. ఊపిరి పీల్చుకుంది.

"ఎల్లయ్య మామా, జల్ది రా! బస్సు పోతున్నది!"